పేపర్లో లేని పెళ్ళి

మా గ్రూపులో మాట్లాడనిది నేనొక్కణ్ణే. మిగతా ఇరవై ఆరుగురూ మాట్లాడతారు. వాళ్ళు మాట్లాడేది చాలు కదా అని నేను ఊరుకుంటాను.

గ్రూపు పేరు 'ఆకు'. అందులో ఉన్నవాళ్ళమంతా ఒకప్పుడు కేరళలో కన్నూరు పక్కన ఒకే షెడ్డులో బీడీలు చుట్టినవాళ్ళం. షెడ్డు మూసేసి పద్దెనిమిదేళ్ళయింది. ఇప్పుడందులో బాత్రూం టైల్సు అమ్ముతున్నారు. కరోనా రోజుల్లో ఎవరూ గుమ్మం దాటకూడదన్నప్పుడు నాణు ఫోన్లో ఈ గ్రూపు పెట్టాడు. నాణు అప్పట్లో షెడ్డు లీడరు. ఇప్పుడు గ్రూపు లీడరు. షెడ్డులో మాట్లాడినట్టే ఇక్కడా నిలబడి మాట్లాడతాడని వాళ్ళావిడ చెబుతుంది.

రోజూ పొద్దున తొమ్మిదిన్నరకి రోహిణి పేపరు చదివి, గొంతు రికార్డు చేసి పంపిస్తుంది. చావులు, ఎన్నికలు, మిరియాల ధర, వాన కబురు, చివర్లో సినిమా సంగతులు. శుక్రవారం సినిమా పేజీ ఎక్కువ. కొందరికి కళ్ళు పోయాయి, కొందరికి అక్షరాలు మొదటినుంచీ లేవు, కొందరి ఇళ్ళలో పేపరు మానేశారు. అందరికీ రోహిణి గొంతే పేపరు.

షెడ్డులోనూ ఆమే చదివేది. బీడీ చుట్టేవాడికి చేతులకే పని, చెవులు ఖాళీ. అందుకని షెడ్డు మధ్యలో ఎత్తుపీట వేసి, ఒకరిని కూర్చోబెట్టి పేపరు చదివించుకునేవాళ్ళం. చదివే మనిషి చేతులు ఆగిపోతాయి కనక, ఆ లోటుకి మేం తలా కొన్ని బీడీలు చుట్టి ఆ మనిషి చేటలో వేసేవాళ్ళం.

పీటకి రెండు కట్టుబాట్లుండేవి. చదివే మనిషి పేపర్లో లేని ముక్క ఒక్కటి కలిపినా పీట దిగిపోవాలి. వినేవాళ్ళు చదువుతున్నంతసేపూ నోరు మూసుకుని, "అంతే" అన్నాక ఒక్కొక్కరూ తమ మాట చెప్పాలి. ప్రధానమంత్రి సంగతైనా సరే, సినిమా తార కాపురమైనా సరే, విని ఊరుకుంటే కుదరదు. ఊరుకున్నవాడు జరిమానాగా ఒక కట్ట, అంటే ఇరవై అయిదు బీడీలు, చదివిన మనిషి చేటలో అదనంగా వెయ్యాలి.

నేను కట్ట వేసేవాణ్ణి. రోజూ.

మొదటి కట్టుబాటు ఉత్తిది కాదు. రోహిణికి ముందు పీట మీద భరతన్ ఉండేవాడు. ఒకరోజు ఫుట్‌బాల్ వార్తలో తన మేనల్లుడు గోలు కొట్టినట్టు చదివాడు. మేనల్లుడు ఆ ఆటంతా బెంచీ మీదే కూర్చున్నాడని మధ్యాహ్నానికి తెలిసింది. భరతన్ పీట దిగాడు. మళ్ళీ ఎక్కలేదు. పోయేదాకా ఆ షెడ్డు వీధిలో నడవలేదు కూడా.

గ్రూపులోనూ ఇవే కట్టుబాట్లని నాణు మొదటిరోజే చెప్పాడు. బీడీలు లేవు కనక జరిమానా మాత్రం ఎత్తేశాడు. నేను కట్టకి బదులు బొటనవేలు బొమ్మ పెట్టడం మొదలుపెట్టాను.

ఆ శుక్రవారం రోహిణి చావులు చదివింది, వానలు చదివింది. తరవాత గొంతు సవరించుకుంది.

"సినిమా విశేషాలు. అలనాటి నటి హేమలతిక, డెబ్బై రెండేళ్ళు, త్వరలో వివాహం చేసుకోనున్నారు. వరుడు సినిమాల్లో లైట్లు పట్టే పని చేసి విశ్రాంతి తీసుకుంటున్న వ్యక్తి. నలభై ఏళ్ళపాటు ఆమె ముఖం మీద వెలుగు పడేలా చూసిన ఈయన, ఆ నలభై ఏళ్ళలో ఆమెతో ఒక్క మాటా మాట్లాడలేదని, చివరికి ఆమే విసిగిపోయి అడగవలసి వచ్చిందని తెలియవచ్చింది. అంతే."

ఇక చూడాలి. మేం వయసులో ఉన్నప్పుడు షెడ్డులో హేమలతిక బొమ్మ అంటించని చేట లేదు. ఆకు కత్తిరిస్తుంటే కింద ఆమె కళ్ళు కనిపించేవి. ముందు లక్ష్మణన్ అందుకున్నాడు. ఇప్పుడు కాసరగోడులో కూతురింట్లో ఉంటున్నాడు.

"అయిపోయింది. నా బతుకు అయిపోయింది. ఈమె షూటింగు చూడ్డానికి పయ్యన్నూరు దాకా సైకిలు తొక్కుకుంటూ పోయాను. కనిపించిందేంటి? ఆమె గొడుగు. పోనీ ఆ గొడుగు పట్టినవాణ్ణి చేసుకున్నా నాకు బాధ లేదు. లైటువాడా?"

నాణు: "కామ్రేడ్స్. ఒక కార్మికుడికి ఈ గౌరవం దక్కడం మంచిదే. కాదనను. అయితే డెబ్బై రెండేళ్ళకి పెళ్ళేంటి? ఆ వయసులో కావలసింది టైముకి మాత్ర అందించే మనిషి."

ఆయిషు: "నాణేట్టా, ఆ అందించే మనిషినే మొగుడనీ పెళ్ళామనీ అంటారు. మీ ఇంట్లో మాత్రలు అందించేదెవరు? పక్కింటామె కాదు కదా?"

ఆయిషు మా షెడ్డులో అందరికంటే తొందరగా చుట్టేది. నోరు చేతికంటే తొందర. ఏట్టా అంటే మా వైపు అన్నా అని.

"ఆయిషూ, విషయం పక్కదారి పట్టించకు."

"పట్టించడం లేదు ఏట్టా. ఇవాళ మాత్ర వేసుకున్నారా, లేదా?"

"అది వేరే సంగతి. నేను చెప్పేదేంటంటే..."

నాణు గొంతు వెనక నుంచి వాళ్ళావిడ అరుపు వినిపించింది. "వేసుకోలేదు! పొద్దున్నుంచి ఆ ఫోనే పట్టుకుని ఊగుతున్నాడు!"

దాంతో గ్రూపులో అందరూ అందుకున్నారు. ఒకామె పెళ్ళి మంచిదే అంది. ఒకాయన ఆస్తి ఎవరికి పోతుందని అడిగాడు. ఇంకొకామె, లైటువాడు మూగవాడేమో కనుక్కున్నారా అంది. నేను వేలు పెట్టాను.

"కణారేట్టా, ఈ వేలు పెళ్ళికా, మాత్రకా?" అని నన్నడిగింది ఆయిషు.

"వాడి వేలు అన్నిటికీ," అన్నాడు లక్ష్మణన్. "మా బావమరిది పోయాడని చెబితే కూడా వేలే పెట్టాడు."

అది నిజమే. వెతక్కుండా నాకు దొరికే బొమ్మ అదొక్కటే.

అప్పుడు రోహిణి గొంతు వచ్చింది. చదివాక ఆమె సాధారణంగా మళ్ళీ రాదు. "అందరూ చెప్పారు. కణారేట్టన్ ఏమంటాడు?"

పేరు పెట్టి అడగడం ఎప్పుడూ లేదు. కాసేపు ఫోను చేత్తో పట్టుకుని కూర్చున్నాను. తరవాత ఇంకొక వేలు పెట్టాను.

నాకొక అలవాటుంది. ఎవరికీ చెప్పలేదు. నేను చదివింది మూడో క్లాసు. కొత్త అక్షరాలు ఎదురుగా వస్తే తడబడతాను. కానీ రోహిణి చదివింది చెవిలో ఉండగానే అదే పేపరు పట్టుకుని, వేలు పెట్టుకుంటూ పోతే, అక్షరాలు వాటంతటవే దారి ఇస్తాయి. షెడ్డులో భోజనం వేళ అలా చదివేవాణ్ణి. ఇప్పుడు మధ్యాహ్నం రేవు దగ్గర టీ కొట్లో. ఆ వేళకి పేపరు ఖాళీగా పడి ఉంటుంది.

ఆ రోజు సినిమా పేజీ తీశాను. హేమలతిక బొమ్మ ఉంది. చేతిలో కత్తెర, ఎదురుగా రిబ్బను. కోళికోడులో గొడుగుల దుకాణం తెరిచిందట. పెళ్ళి లేదు. మళ్ళీ మొదటినుంచి వేలు పెట్టాను. గొడుగులే. వెనక పేజీ చూశాను, మధ్య పేజీ చూశాను, కింద పడిన ప్రకటనల కాగితం కూడా చూశాను.

"ఏమైనా పోయిందా, కణారేట్టా?" అన్నాడు టీ కొట్టు సురేంద్రన్.

తల అడ్డంగా ఊపాను.

నాకు కోపం రాలేదు. భయమేసింది. రోహిణికి కళ్ళు పోయాయనుకున్నాను. పోతున్న సంగతి ఎవరికీ చెప్పకుండా, బొమ్మ చూసి ఏదో ఊహించి చదివేస్తోందనుకున్నాను. ఇది నాణుకి తెలిస్తే పీట పోతుంది. ఆమె మొగుడు పోయి పన్నెండేళ్ళు, కూతురు తలశ్శేరిలో. పొద్దున ఆ గంట కోసమే ఆమె లేస్తుందని అందరికీ తెలుసు. నేను కూడా ఆ గంట కోసమే లేస్తానని ఎవరికీ తెలియదు. మా ఇంట్లో వేరే గొంతు లేదు.

ఎవరూ పేపరు తిరగెయ్యకపోతే రేపటికి మరిచిపోతారు అనుకున్నాను. లక్ష్మణన్ సంగతి మరిచిపోయాను.

లక్ష్మణన్ రోహిణి గొంతుని తీసుకుపోయి హేమలతిక అభిమానుల గ్రూపులో పెట్టాడు. అందులో నాలుగువేల మంది. ఇక వాడు అక్కణ్ణించి మాకు కబుర్లు మోయడం మొదలుపెట్టాడు.

"త్రిశూరు నుంచి ఒకాయన పెళ్ళి కార్డు చూశాడట! బంగారు రంగు అంచు!"

అరగంటకి: "పాలక్కాడు ఆయనకి ఆ లైటువాడు బాగా తెలుసట. మనిషి బంగారం, చెవుడు కొంచెం."

ఇంకో అరగంటకి: "పెళ్ళి విందులో చేప ఉంటుందని ఒక జట్టు, ఉండదని ఒక జట్టు. పెద్ద గొడవ జరుగుతోంది. నేను చేప జట్టులో చేరాను."

"యా రబ్బీ, నిన్ను పిలిచారా?" అంది ఆయిషు.

"పిలవకపోతే నేనే పోతాను. సైకిలు తొక్కినవాణ్ణి."

పేపర్లో లేని పెళ్ళికి మధ్యాహ్నం మూడయ్యేసరికి చీర రంగు కుదిరింది, వంటవాడు కుదిరాడు, పెళ్ళికొడుకుకి మోకాలి నొప్పి కూడా వచ్చింది. నాకు తెలుసు. చెప్పాలంటే రోహిణి కింద పీట లాగాలి. ఊరుకున్నాను. ఊరుకోవడం నాకు వచ్చిన పని.

అయిదింటికి హేమలతికే ఫోన్లోకి వచ్చింది. ఎవరో తీసిన వీడియో. తెల్లటి జుట్టు, నుదుట చందనం, అదే కళ్ళు. పడీపడీ నవ్వుతోంది. "నాకు పెళ్ళంట. నాకే ఆలస్యంగా తెలిసింది. పెళ్ళికొడుకు అడ్రసు ఎవరిదగ్గరైనా ఉంటే పంపించండి. టీకి పిలిచి, మనిషెలా ఉన్నాడో చూసి చెబుతాను."

పది నిమిషాలకి నాణు వచ్చాడు. నిలబడే మాట్లాడుతున్నాడని గొంతులోనే తెలుస్తోంది.

"రేపు తొమ్మిదిన్నరకి అందరూ ఉండాలి. ఇవాళ్టి పేపరు సంపాదించి చేతిలో పెట్టుకోండి. రోహిణి జవాబు చెప్పాలి. భరతన్‌కి ఏ కట్టుబాటో రోహిణికీ అదే."

నేను చొక్కా వేసుకున్నాను.

రోహిణి ఇల్లు మా ఇంటి నుంచి ఏటి గట్టున పది నిమిషాల నడక. ఇంకా వెలుగుంది. ఆమె వాకిట్లో ఎండిన కొబ్బరి చిప్పలు బుట్టలోకి ఎత్తుతోంది. నన్ను చూసి లేవలేదు.

"కళ్ళు కనబడటం లేదా?" అన్నాను.

"నీ చొక్కాకి రెండో గుండీ లేదు. కాలరు కింద సబ్బు సరిగ్గా పోలేదు. ఇంకేమైనా చూసి చెప్పాలా?"

"మరి?"

"మరి ఏంటి? పూర్తిగా అడుగు. సగం అడిగితే సగమే చెబుతాను."

"ఎందుకు కల్పించావు?"

"చూశావా, వరసగా రెండు మాటలొచ్చాయి. పీట పోయినా గిట్టుబాటే." చిప్ప బుట్టలో వేసింది. "నీకూ హేమలతిక చెప్పాకే తెలిసిందా?"

"మధ్యాహ్నమే. పేపరు చదివాను."

ఆమె చెయ్యి ఆగింది. "నువ్వు పేపరు చదువుతావా?"

"నువ్వు చదివాక."

"రోజూనా?"

"రోజూ."

"షెడ్డులో కూడా?"

"అన్నం తినే వేళ."

రోహిణి పక్కనున్న పీట కాలితో నా వైపు జరిపింది. కూర్చున్నాను.

"అయితే ముప్పై ఏళ్ళు నా వెనకే చదువుకుంటూ వచ్చావు. ఒక్క ముక్క చెప్పకుండా." ఆమె నవ్వలేదు. "కణారేట్టా, మిగతావాళ్ళంతా మాట చెప్పేవాళ్ళు. తిట్టేవాళ్ళు, ఏడ్చేవాళ్ళు, లక్ష్మణన్ లేచి గంతులేసేవాడు. నువ్వు కట్ట పడేసేవాడివి. ఆ కట్టలతో మా పిల్లకి బడి చెప్పులు కొన్నాను, కాదనను. కానీ నీ వైపు తిరిగి చదివితే గోడకి చదివినట్టుండేది. ఇప్పుడు కట్ట కూడా లేదు. లేచి, స్నానం చేసి, అద్దాలు తుడుచుకుని, గొంతు సవరించుకుని చదివితే నాకు వేలు వస్తుంది. ఇవాళ పేపర్లో ఆమె బొమ్మ చూశాను. నోట్లోంచి వచ్చేసింది. ఈ ఒక్కటైనా ఈ మనిషి నోరు విప్పిస్తుందేమో అనుకున్నాను. దానికీ వేలే పెట్టావు. అడిగితే ఇంకో వేలు పెట్టావు."

నేను నేల చూశాను.

"భయపడకు," అంది. "నాకు పెళ్ళి అక్కర్లేదు. ఒకసారి చేసుకున్నాను, అది చాలు. నాకు కావలసింది మాట."

"మూడో క్లాసు వాణ్ణి," అన్నాను.

"అయితే?"

"నా మాటకేం విలువ?"

"లక్ష్మణన్ ఎంతవరకు చదివాడు?"

"రెండు."

"ఎప్పుడైనా ఆగాడా?"

ఆమె లోపలికి వెళ్ళి పాలు లేని టీ తెచ్చింది. గ్లాసుతో పాటు ఒక సూది, దారం, గుండీ కూడా నా పక్కన పెట్టింది. "కుట్టుకో. నేను కుట్టి పెట్టను." నేను కుట్టుకుంటుంటే, మళ్ళీ బుట్ట దగ్గర కూర్చుంది.

"రేపు నిజం చెప్పి దిగిపోతాను. ఎవరినైనా చూసుకోండి చదవడానికి. పొద్దున్నే ఏం చెయ్యాలో ఆలోచించుకోవాలి, అంతే." మామూలుగా చెప్పాలని చూసింది. 'అంతే' దగ్గర గొంతు పేపరు చదివినట్టు నిలబడలేదు.

మర్నాడు తొమ్మిదిన్నరకి అందరూ ఉన్నారు. రోహిణి ఎక్కువ మాట్లాడలేదు. "నిన్న చదివిన హేమలతిక పెళ్ళి పేపర్లో లేదు. నేను కలిపాను. ఎందుకో అడక్కండి. కట్టుబాటు ప్రకారం పీట దిగుతున్నాను."

నా పేరు చెప్పలేదు.

నాణు దగ్గాడు. వాడికీ ఇష్టం లేదని ఆ దగ్గులో తెలిసింది. "సరే. అయితే ఇవాళ్టికి ఎవరు చదువుతారు?"

"నేను," అన్నాడు లక్ష్మణన్. పేపరు ఫరఫరలాడింది. "కేరళ తీరంలో... ఆగండి, అద్దాలు... తీరంలో బలమైన గాలులు. గాలులంటే గుర్తొచ్చింది, పైన పెంకులు మార్పించమంటే మా అల్లుడు వినడు. మత్... మత్స్యకారులు సముద్రంలోకి వెళ్ళరాదు. మా అల్లుడు వెళితే బాగుణ్ణు. గంటకి నలభై... నలభయ్యో, యాభయ్యో, వేలు అడ్డమొచ్చింది..."

"లక్ష్మణా," అంది ఆయిషు, "తుపాను తీరానికా, మీ అల్లుడికా?"

"పీట మీదున్న మనిషిని మధ్యలో ఆపకూడదు! కట్టుబాటు!"

"నువ్వు చదివినదాంట్లో పేపర్లో లేనిదే ఎక్కువ. నువ్వెప్పుడో దిగావు."

నాణు అందర్నీ ఆపాడు. రోహిణి దిగాలా వద్దా, ఒక్కొక్కరూ మాట చెప్పమన్నాడు. ఎక్కువమంది గొణిగారు. కట్టుబాటు కట్టుబాటే అన్నారు, ఆ వెంటనే అయ్యో అన్నారు. నిజం చదివిన రోజుల్లో ఇంత సందడి ఎప్పుడైనా చూశామా అంది ఆయిషు. భరతన్‌కి లేని దయ ఇప్పుడెందుకని ఒకాయన అడిగాడు.

"అందరూ చెప్పారు," అన్నాడు నాణు. "కణారన్ మిగిలాడు. వేలు చెల్లదు."

మైకు బొమ్మ నొక్కి పట్టుకుని మాట్లాడాలని నాకు తెలుసు. నొక్కాను. వదిలేశాను. పోయింది. అందులో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. మళ్ళీ నొక్కాను. ఈసారి కిటికీ మీద కాకి అరిచింది.

"కణారేట్టన్ కాకి చేత కబురు పంపాడు," అంది ఆయిషు. "ఏమంటోంది నాణేట్టా, దిగాలంటోందా?"

కిటికీ మూశాను. మూడోసారి నొక్కాను.

"నేను కణారన్ని. రోహిణి కలపడం తప్పే. కానీ పీటకి రెండో కట్టుబాటుంది. విన్నవాడు మాట చెప్పాలి. నేను చెప్పలేదు. షెడ్డులో ముప్పై ఏళ్ళు కట్ట వేశాను. ఇక్కడ ఆరేళ్ళుగా అదీ లేదు. నా నోరు విప్పించడానికే ఆమె కలిపింది. అందుకని ముందు తప్పు నాది. తీసేస్తే నన్ను ముందు తియ్యండి."

వేలు నొప్పెట్టింది. వదల్లేదు.

"నిన్నటి వార్త మీద నా మాట. పెళ్ళి వాళ్ళిష్టం. తప్పు లైటువాడిది. నలభై ఏళ్ళు ఎదురుగా ఉన్న మనిషితో ఏదో ఒకటి చెప్పి ఉండాల్సింది. పెద్ద మాటే అక్కర్లేదు. వానల వార్త బాగా చదివావు అన్నా చాలు. అంతే."

వదిలాను. ఏమీ రాలేదు. నిమిషం గడిచింది. ఫోను పాడైపోయిందనుకుని వెనక్కి తిప్పి చూశాను.

"ఇది కణారన్ గొంతేనా?" అన్నాడు లక్ష్మణన్. "ముప్పై ఏళ్ళు పక్కన కూర్చుని చుట్టాను. నేనే గుర్తుపట్టలేకపోతున్నాను. ఎవరైనా ఫోను దొంగిలించారేమో చూడండి."

"లైట్లు పట్టేవాడు వానలు చదివినామెని మెచ్చుకోవడమేంటి?" అంది ఆయిషు. గొంతులో నవ్వు ఉడుకుతోంది. "నాణేట్టా, మీకేమైనా అర్థమయిందా?"

"అర్థమయింది, అర్థమయింది. ఆగు." నాణు ఆలోచిస్తున్నాడు. వెనక నుంచి వాళ్ళావిడ అంది, "ఇంకా ఆలోచనేంటి? ఆ లక్ష్మణన్ చదివితే నేను వినను. చెప్పేస్తున్నా."

నాణు తీర్పు మధ్యాహ్నానికి వచ్చింది. రెండు తప్పులూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి కనక ఒకదాన్నే విప్పలేమన్నాడు. రోహిణి చదువుతుంది. కణారన్ రోజూ ఆమె పక్కన కూర్చుని, అదే పేపరు మీద లైను వెంట వేలు పెట్టి చూస్తూ ఉంటాడు. పేపర్లో లేని ముక్క వస్తే అక్కడే చెబుతాడు. "వేలు పెట్టడం వాడికి బాగా వచ్చు కనక," అని కూడా అన్నాడు. చదవడం అయ్యాక మొదటి మాట కణారన్‌దే. అది లేకుండా ఎవరూ నోరు విప్పకూడదు.

"వాడి మొదటి మాట కోసం మేం సాయంత్రం దాకా కూర్చోవాలా?" అని లక్ష్మణన్ గోల పెట్టాడు.

వాడికీ జరిమానా పడింది. ఆ నాలుగువేల మందికీ పెళ్ళి అబద్ధమని వాడే చెప్పాలి. చెప్పాడు. వాళ్ళు నమ్మలేదు. హేమలతిక సిగ్గుపడి దాస్తోందన్నారు. త్రిశూరు ఆయన కార్డు ఇంకా తన దగ్గరే ఉందన్నాడు. లక్ష్మణన్‌ని చేప జట్టులోంచి తీసేశారు.

ఇప్పుడు రోజూ తొమ్మిదింటికి టీ కొట్లో పేపరు నా చేతికే ఇచ్చేస్తున్నాడు సురేంద్రన్. ఏటి గట్టున నడిచి వెళతాను. రోహిణి అద్దాలు తుడుచుకుంటుంది. వాకిట్లో రెండు పీటలు. ఆమె చదువుతుంది, నేను వేలు జరుపుతాను. నా వేలు కొంచెం వెనకబడితే ఆమె ఆగుతుంది. అది గ్రూపులో వాళ్ళకి తెలియదు. రోహిణికి వయసు మీదపడి ఊపిరి తీసుకుంటోందనుకుంటున్నారు. నేను టీ తాగే చప్పుడు ఎక్కువగా వస్తోందని మాత్రం ఫిర్యాదు వచ్చింది.

మొన్న శుక్రవారం సినిమా పేజీలో మళ్ళీ హేమలతిక. ఈసారి కన్నూరులో గొడుగుల దుకాణం. రోహిణి ఉన్నదున్నట్టు చదివింది. నా వేలు లైను చివరికి వచ్చింది.

"అంతే," అని ఫోను నా నోటి దగ్గర పెట్టింది.

"మంచి గొడుగులే," అన్నాను. "మా ఇంట్లో ఒకటుంది. గాలికి తిరగబడదు. మొన్నటి వానలో కూడా."

వెంటనే లక్ష్మణన్ వచ్చాడు. "కణారా, ఈ మధ్య నీకు వాగుడెక్కువైంది. మాకు కూడా కాస్త మిగల్చు."

దానికి వేలు పెట్టాను.